రంగు మారని నీళ్లు

మొన్న ఏలూరు లైబ్రరీలో రసాయనశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే బ్యూరెట్ అనే గాజు గొట్టం బొమ్మ కనిపించింది. చూడగానే ఎనిమిదేళ్ల వయసు గుర్తొచ్చింది.

ఆ ఏడు వానల తర్వాత మా చెరువులో రొయ్యలు పెంకు గట్టిపడక చనిపోతున్నాయి. నాన్న చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కైకలూరులో ల్యాబ్‌కి వెళ్లారు.

ల్యాబ్‌లో మేడమ్ గారు ఆ నీళ్లలో ఇండికేటర్ వేస్తే పసుపురంగు వచ్చింది. పైనున్న గాజు గొట్టంలోంచి యాసిడ్ బొట్టు బొట్టుగా వదులుతూ, "రంగు మారేదాకా చూడాలండీ" అన్నారు.

మారితే పాసనుకున్నాను. "దేవుడా, తొందరగా మారాలి" అని పైకే మొక్కుకున్నాను. కాసేపటికే నీళ్లు ఎర్రబడ్డాయి. చప్పట్లు కొట్టాను. నాన్న తల దించుకున్నారు.

"ఇంత తొందరగా మారకూడదమ్మా. నీళ్లలో క్షారం ఉంటే యాసిడ్‌కి తట్టుకుంటాయి. వీటిలో సత్తువ లేదు. సున్నం వేయించండి" అన్నారావిడ.

"మా అమ్మాయి మొక్కు గట్టిదేనండీ" అని నాన్న నవ్వబోయారు.

సున్నం వేయించిన వారం తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి మారొద్దని మనసులోనే మొక్కుకున్నాను. యాసిడ్ పడుతూనే ఉంది. పసుపు పసుపుగానే ఉంది. అంతసేపూ నిలబడే ఉన్న నాన్న మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు.

రంగు మారే ఆ క్షణాన్ని పుస్తకంలో 'అంత్య బిందువు' అన్నారు. అది ఆలస్యంగా రావాలని కోరుకునేవాళ్లు ఉంటారని రాసినాయనకు తెలుసో లేదో.