ఏటవాలు కోత

మేడంతా ఆవిడని సీసాలత్తయ్య అంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి మందుల గదిలో కిటికీ వెనక కూర్చుని దగ్గుమందు అందించిన మనిషి. ఉద్యోగం అయిపోయిన రోజున ఇంకొకరైతే గోడ గడియారం తెచ్చుకునేవారు. ఈవిడ ఒక గోనెసంచీ నిండా ఖాళీ సీసాలు మోసుకొచ్చింది, అన్నీ ముదురు గోధుమరంగువే. వేరుకి వెలుతురు గిట్టదని ఆవిడ గట్టి నమ్మకం. గాజు గ్లాసులో కొమ్మ పెట్టుకుని గంటకోసారి తొంగిచూసే వాళ్ళకి వేళ్ళు కాదు, పాచి వస్తుందని మొహం మీదే చెప్పేస్తుంది.

వంటింటి కిటికీ గట్టు మీద ఎప్పుడు చూసినా ఇరవై సీసాలకి తక్కువుండవు. ప్రతి సీసాకీ గాయాలకి వేసే ప్లాస్టరు ముక్క, దాని మీద తేదీ, కొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తు. పొద్దున్నే డాక్టరమ్మ రౌండ్సుకి వచ్చినట్టు వచ్చి, “నీకేమైందే, నిన్న బాగానే ఉన్నావుగా” అని ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తుంది, అవీ బకెట్లో ఒక పూట నిలవ ఉంచినవి. వేళ్ళు వచ్చిన మొక్క అడిగినవాళ్ళది. షరతు ఒక్కటే, అది పెరిగాక ఒక కొమ్మ ఇంకొకరికి ఇవ్వాలి. ఎగ్గొట్టినవాళ్ళని మెట్ల మీద ఆపి మరీ అడుగుతుంది. మొహమాటం ఆవిడ ఇంటావంటా లేదు.

కోడలికి మొదట్లో ఈ సీసాలంటే ఒళ్ళు మండేది. మూకుడు మీద మూత తీస్తే పెట్టుకోవడానికి జాగా ఉండేది కాదు. ఆమె పుస్తకాలు బైండింగు చేసే చోట పనిచేస్తుంది. రోజంతా కాగితాల బొత్తుల అంచులు సమంగా కోయడమే పని. ఆ అలవాటు ఆమె వెంట ఇంటికీ వస్తుంది. తువ్వాలు మడతపెట్టినా, కూర తరిగినా కొలబద్ద పెట్టినట్టుండాలి. వంకర కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు. అత్తాకోడళ్ళ మధ్య కొడుకు తలదూర్చడు, తెలివైనవాడు.

ఒక ఆదివారం కింది వాటాలోని డ్రైవరు ఎండిన కొమ్మల మోపుతో మెట్లెక్కి వచ్చాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, మేడంతటికీ బాబాయి. గేటు పక్కన ఆయన భార్య నాటిన గన్నేరు చెట్టుండేది. ఆవిడ పోయి ఏడాదైంది. ఆయన కూతురింటికి వెళ్ళిన మూడు రోజుల్లో, మురుగు గొట్టాల కోసం తవ్వినవాళ్ళు ఆ చెట్టుని పెకలించి ఎండలో పడేశారు.

“బతుకుతుందా అక్కయ్యా?”

“మాటివ్వలేను తమ్ముడూ. చూద్దాం.”

మోపంతా గోటితో గీకి చూస్తే, బెరడు కింద పచ్చదనం ఉన్నవి పదే పది పుల్లలు దొరికాయి. వాటి అడుగు కొస ఏటవాలుగా, పై కొస తిన్నగా కోసింది అత్తయ్య. ఆకుల్లేని పుల్లకి తలేదో కాలేదో తెలిసేది ఆ కోతతోనే. తలకిందులుగా పెడితే అది కుళ్ళుతుందే తప్ప వేరు వెయ్యదు. కొసల్లోంచి కారే పాలు ఆరడానికి పాత పేపరు మీద పరిచి, చేతులు సబ్బుతో కడుక్కోవడానికి వెళ్ళింది.

అదే సమయానికి కోడలు అటు వచ్చింది. అత్తయ్యకి సాయం చేద్దామనే ఉద్దేశంతో కత్తెర తీసుకుని పదింటికీ రెండు కొసలూ సమంగా కత్తిరించి, అందంగా బొత్తి పెట్టింది.

“అమ్మాయ్, ఏటవాలు కొసలేవి?”

“వంకరగా ఉన్నాయని సరిచేశానత్తయ్యా.”

అత్తయ్య కుర్చీలో కూలబడింది. ఆ కోత ఎందుకో అత్తయ్య చెప్పాక కోడలి ప్రాణం ఉసూరుమంది. అరిచినా బాగుండేదనిపించింది.

కాసేపటికి అత్తయ్య ఒక పుల్లని కిటికీ దగ్గర కళ్ళకి ఆనించి చూసింది. శుక్లాలు ముసిరిన కళ్ళవి. ఆపరేషను చేయించుకుంటే వారం రోజులు సీసాల్ని ఎవరు చూస్తారని వాయిదా వేస్తూ వచ్చింది.

“నాకు ఆనడం లేదు. నీ కళ్ళు కావాలి, ఇలా కూర్చో. ఆకు రాలిన చోట మచ్చ కనిపిస్తోందా? దాన్ని ఆనుకుని నూకంత కన్నుంటుంది. మచ్చకి ఏ వైపున కన్నుందో, అటే తల.”

కోడలు ఊపిరి బిగపట్టి ఒక్కొక్కటీ చూసింది. ఒకటి తేలకపోతే, “మళ్ళీ చూడు, తొందరేం లేదు” అంది అత్తయ్య. తేలాక కత్తెర కూడా కోడలికే ఇచ్చింది. మొదటి కోత అలవాటు కొద్దీ తిన్నగానే పడింది. అంత బాధలోనూ ఇద్దరికీ నవ్వాగలేదు.

తర్వాత ఎదురుచూపులు. బాబాయి రోజూ పొద్దున్నే పేపరు కోసం వచ్చేవాడు, చదివేసిన పేపరు చంకలో పెట్టుకునే. వారానికి మూడు పుల్లలు నల్లబడ్డాయి. ఇంకో వారానికి ఇంకో నాలుగు. ఇరవయ్యో రోజుకి రెండే మిగిలాయి. పుల్ల పైకి తీసి చూడాలని కోడలి చేతులు పీకేవి. నీళ్ళు మార్చేటప్పుడు కూడా పుల్ల బయటికి రాకుండా సీసా వంచి పోసే అత్తయ్య మాత్రం ఇరవై ఆరో రోజు దాకా ఒప్పుకోలేదు. ఆ రోజు కూడా తను ముట్టుకోకుండా, “తియ్యి” అంది.

మొదటిదానికి ఏమీ లేదు. రెండోదాని అడుగున తెల్లగా దారప్పోగుల్లాంటివి మూడు.

“ఉన్నాయత్తయ్యా!” అని కోడలు ఏడ్చేసింది. అత్తయ్య వేలికొసతో తడిమి చూసుకుని తలూపింది.

బాబాయి వచ్చాడు. “బతికించింది మా కోడలు తమ్ముడూ. దీని కళ్ళే లేకపోతే తలేదో కాలేదో నాకు తెలిసేది కాదు” అంది అత్తయ్య. తప్పు సంగతి పొక్కనివ్వలేదు. కోడలు ఊరుకుంటే గండం గడిచిపోయేది. కానీ ఆ మెప్పు ఆమెకి మింగుడుపడలేదు.

“చెడగొట్టిందీ నేనే బాబాయ్” అని జరిగిందంతా చెప్పేసింది.

ఆయన ఆ పుల్లని అందుకుని వేళ్ళని వంగి చూశాడు.

“మీ పిన్ని కూడా దీన్ని మొదటిసారి తలకిందులుగానే పాతిందమ్మా. నెల్లాళ్ళు దానికి నీళ్ళు పోసింది. నేను పగలబడి నవ్వాను. ఇన్నాళ్ళూ అది గుర్తే లేదు.” నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. “షరతు తెలుసక్కయ్యా. మొదటి కొమ్మ ఈ అమ్మాయికే. కోత మాత్రం మీరే కొయ్యాలి.”

“నేనెందుకు? అదే కోస్తుంది,” అంది సీసాలత్తయ్య, “ఏటవాలుగా.”