రైలు రద్దయిందని రాసిన చీటీ

అది 2023. ఎండలు ఇంకా ముదరని మార్చి నెల. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత బిల్డింగు మెట్ల కింద నా దుకాణం. ఒక టేబులు, ఒక కంప్యూటరు, మూడు కుర్చీలు. రైల్వే వాళ్ల అనుమతితో టికెట్లు బుక్ చేస్తాను, అడిగినవాళ్లకు కిరాయి కార్లు మాట్లాడిపెడతాను. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే పని.

నా దుకాణానికి పేరొచ్చింది ఒక తెల్ల చీటీ వల్ల. ఎవరొచ్చి ఏ ఊరి పేరు చెప్పినా ముందు చీటీ తీసి మధ్యలో ఒక గీత గీస్తాను. ఎడమవైపు రైలు ఖర్చు, కుడివైపు కారు ఖర్చు. రైలంటే టికెట్ ఒక్కటే కాదు, ఇంటి నుంచి స్టేషన్‌కు ఆటో, దిగాక మళ్లీ ఆటో. కారంటే పెట్రోలు ఒక్కటే కాదు, టోలు, టైర్ల అరుగుదల, దారిలో చాయ్, టిఫిన్. కింద సంతకం పెట్టి దుకాణం ముద్ర కొట్టి ఇస్తాను. కారు మాట్లాడిపెడితే నాకు నాలుగు రూపాయలు ఎక్కువే మిగులుతాయి. అయినా రైలు చవకైతే రైలే అని రాస్తాను. బేగం బజార్ వ్యాపారులు కూడా ఆ చీటీని నమ్ముతారు. ఆ నమ్మకం నా నెత్తికెక్కి కూర్చుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు అరవై దాటిన ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడక. పేరు నర్సిములు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, బాపట్ల కాడ సముద్రముంటది గదా. నేను, మా ఇంటామె పోవాలె. రైలుకెంత, కారుకెంత?"

"కారు కిరాయిదా, సొంతదా?"

"సొంతదే. పాతది. లీటరుకు పదహారు ఇస్తది."

లెక్క కట్టాను. స్లీపర్‌లో ఇద్దరికీ రానుపోను, ఆటోలతో సహా కలిపినా కారు ఖర్చులో సగం కూడా కాలేదు. చీటీ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సారూ, కారుది జర తక్కువ చేసి రాస్తరా? రెండిటికీ ఒక్కతీరే అయితదని."

నాకు చుర్రుమంది.

"అన్నా, ఇరవై రెండేండ్ల సంది గీడ కూసున్న. ఎన్నడన్న తప్పు లెక్క రాసిననా? పైసలు మీవే, బండి మీదే. మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటరా?"

"తప్పయింది సారూ" అన్నాడు తల దించుకుని.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈ వయసులో, ఆ కాలుతో, అంత దూరం బండి నడపడం ఏం తెలివి అని పావుగంట క్లాసు పీకాను. ఎందుకు తక్కువ రాయమన్నాడో ఒక్క ముక్క అడగలేదు. ఆయన జేబులోంచి డబ్బు తీసి, "అయితే రైలుకే చెయ్యున్రి" అన్నాడు.

వయసు పైబడినవాళ్లకు లోయర్ బెర్తులు, అంటే కింది పడకలు, కొన్ని విడిగా ఉంచుతారు. ఇద్దరికీ ఒకే టికెట్ మీద చూస్తే ఒక్కటే కింద దొరుకుతోంది. నేను నా తెలివంతా వాడి రెండు వేర్వేరు టికెట్లు తీసి రెండూ కిందివే పట్టాను. కాకపోతే ఒకటి మూడో బోగీలో, ఇంకోటి ఏడో బోగీలో. కాలు బాగాలేని మనిషికి ఇంత సాయం ఎవరు చేస్తారని మురిసిపోయాను కూడా.

మర్నాడు దుకాణం తెరిచేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, లోపలికొచ్చి, నేనిచ్చిన టికెట్లూ చీటీ టేబులు మీద పరిచింది. నర్సిములు భార్య సత్తెమ్మ.

"తమ్మీ, గీ రెండు టికెట్లు ఒక్క డబ్బల పడేటట్టు చేస్తవా?"

"ఇద్దరికీ కింది బెర్తులే అక్కా. ఎక్కి దిగే తిప్పలు లేదు. పండుకుంటే ఊరొస్తది."

ఆమె నవ్వింది. "ముప్పై ఏండ్లు ఆయన ఒక బండ్ల, నేను ఒక బండ్ల తిరిగినం. ఇగ గిప్పుడు గూడనా?"

కూర్చోమని చాయ్ తెప్పించాను. నర్సిములు హిమాయత్‌నగర్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడట. ఆ ఇంటి పద్ధతి ప్రకారం డ్రైవరు ఇంటివాళ్లు కారెక్కకూడదు. ఆయన ఆ కుటుంబాన్ని ఎన్నోసార్లు ఆ సముద్రానికే తీసుకెళ్లి తీసుకొచ్చాడు.

"వచ్చినప్పుడల్లా ప్యాంటు మడతల్ల ఇసుక తెస్తుండె. ఉతికేటప్పుడు చూసేదాన్ని. సముద్రం నేను చూసింది గంతే తమ్మీ."

కొంచెం చాయ్ తాగి మళ్లీ అందుకుంది. "ఓనాడు మస్తు వాన. గౌలిగూడ బస్టాండు కాడ తడుసుకుంట నిలవడ్డ. ఆయన కారు నా ముందల్నుంచే పోయింది. ఎన్క సీట్ల మేడం ఉన్నది. ఆయన నన్ను చూసిండు, నేను ఆయన్ని చూసిన. ఆపలే. ఎట్ల ఆపుతడు? ఆనాడు అన్నం ముట్టలే."

"మీరా?"

"నేనెందుకు ముట్టను? నేను తిన్న. ఆయనే ముట్టలే."

నవ్వుతూనే చెప్పింది కానీ నాకు నవ్వు రాలేదు.

పని మానేసిన రోజు ఓనరు పాత కారును తక్కువ ధరకు ఆయనకే ఇచ్చాడట. ఈలోపు మోకాలు చెడింది. ముప్పై ఏళ్లు సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కిన కాలు. వచ్చే నెల ఆపరేషన్. ఆ తర్వాత దూరాలు నడపొద్దని డాక్టరు చెప్పాడట.

"సముద్రం చూద్దాం పా అన్నడు. పెట్రోలు దండుగ, రైలుకు పోదామని నేనే అన్న. రెండిటికీ ఎంతయితదో చీటీ తెస్తనని గీడికొచ్చిండు."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన తక్కువ రాయమన్నది తనను తాను మోసం చేసుకోవడానికి కాదు. ఒక్కసారి భార్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తానే నడపాలని. దానికి ఆమె ఒప్పుకోవడానికి నా ముద్ర కావాల్సివచ్చింది. నేనేమో నీతులు చెప్పి పంపాను. సిగ్గేసింది. దాచలేక జరిగిందంతా ఆమెకు చెప్పేశాను.

సత్తెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గదా" అని గొణిగింది. తర్వాత టికెట్లు నావైపు జరిపింది. "ఇవి క్యాన్సల్ చెయ్యి తమ్మీ. కారుల్నే పోతం."

"మోకాలుతో గంత దూరం..."

"డాక్టర్ని అడిగినం. ఇప్పటికైతే ఆగుకుంట ఆగుకుంట పొమ్మన్నడు. సూర్యాపేట కాడ ఆగుతం, విజయవాడల ఒక రాత్రి పండుకుంటం. గాని ఇంకో చీటీ రాసియ్యి. రైలు రద్దయిందని రాయి. ఆయన నిన్ను గట్ల అడిగిన ముచ్చట నాకు ఎర్కైనట్టు తెలిస్తే మొఖం ఎత్తడు."

ఇరవై రెండేళ్లలో నేనెప్పుడూ చీటీ మీద అబద్ధం రాయలేదు. ఆరోజు కొత్త చీటీ తీసి, మధ్యలో గీత గీయకుండా, "ఆ రోజు రైలు రద్దయింది, కారులో పోవడమే మంచిది" అని రాశాను. సంతకం పెట్టి, ముద్ర కొంచెం గట్టిగానే కొట్టాను. టికెట్లు రద్దు చేసి, ఆమెకు రావాల్సిన డబ్బు గల్లాలోంచి ఇచ్చాను.

ఆమె రోడ్డు దాటాక గుర్తొచ్చింది. ఏజెంటు దగ్గర కొన్న టికెట్ రద్దు చేస్తే కొన్నవాళ్ల ఫోనుకు మెసేజ్ పోతుంది. దాంతోపాటు ఓటీపీ అనే నంబరు పోతుంది. కొన్నవాళ్లు ఆ నంబరు మాకు చెబితేనే డబ్బు లెక్క తెగుతుంది. టికెట్లు తీసేటప్పుడు నేనిచ్చిన ఫోను నంబరు నర్సిములుది. తలపట్టుకుని కూర్చున్నాను. ఫోను చేసే ధైర్యం లేదు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం. దుకాణం ముందు ఒక పాత తెల్ల కారు ఆగింది. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. ముందు సీట్లో కిటికీ అద్దం పూర్తిగా దించుకుని సత్తెమ్మ. ఎండకు ముఖం కమిలి ఉంది, ఒళ్లో చిన్న సంచినిండా గవ్వలు. నేను బయటికి పరిగెత్తాను. స్టీరింగు దగ్గర నుంచి నర్సిములు ముందుకు వంగాడు.

"సారూ, రైలు రద్దయిందని రాసిన్రు గదా?"

"ఔ అన్నా."

"మరి మీరే టికెట్ క్యాన్సల్ చేసిన్రని నా ఫోనుకొచ్చిందేంది?"

సత్తెమ్మ ఆయనవైపు తిరిగి భుజం మీద ఒకటి వేసింది. "అంటే నీకు ముందుగాల్నే ఎర్కనా?"

"మనం పోయేనాడు గౌలిగూడ దాటకముందే ఎర్క" అన్నాడు ఆయన, కళ్లు రోడ్డు మీదికి తిప్పుకుని. "అడిగితే దిగిపోతవేమోనని అడగలే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆయన ఫోను తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని, "రెండు టికెట్ల నంబర్లు గూడ వచ్చినయి సారూ, మీకు పనికొస్తయేమో" అంటూ అంకెలు ఒక్కొక్కటే చదివాడు. నేను అరచేతి మీద రాసుకున్నాను. ఆయన గేరు వేశాడు, నిమ్మళంగా క్లచ్ వదిలాడు, కారు స్టేషన్ వైపు కదిలిపోయింది.

ఇప్పటికీ చీటీలు రాస్తున్నాను. ఎడమవైపు రైలు, కుడివైపు కారు, లెక్కలో పైసా తేడా రాదు. కాకపోతే గీత గీసేముందు ఒక మాట అడుగుతున్నాను.

"మీ పక్కన ఎవరు కూసుంటరు?"