నాగక్క పంచిన గోలీలు

దమ్మపేట పక్కన వరినాట్లు వేయించుకోవాలంటే రైతులు ముందు నాగక్క తలుపు తట్టాలి. అడవి అంచున ఉన్న కోయగూడెం ఆమెది. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది, నోరు మాత్రం పెద్దది. పదిమంది ఆడవాళ్ల నాట్ల ముఠాకు పదిహేనేళ్లుగా ఆమే పెద్ద. ఏ మడిలో ఎవరు దిగాలో, ఎవరు నారు పీకాలో ఆమె చెప్పిందే మాట. ఎదురు చెప్పినవాళ్లు లేకపోలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్లే వచ్చి ఆమె పక్కన నిలబడేవారు.

నాగక్క పంపకం అంత ఖచ్చితం మరి. కాలువలో చేపలు దొరికితే గట్టు మీద మోదుగాకులు పరిచి పది పోగులు పెడుతుంది. తలకాయలన్నీ ఒక పోగులో పడితే ఊరుకోదు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న మనిషి పోగు ఇంటికి చేరాల్సిందే. పొలం ఆసామి భార్య సుశీలమ్మ ఒకసారి పులిహోర పంపితే పల్లీలు కూడా ఏరి సమానం చేసిందట. సుశీలమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. నవ్వితే నవ్వింది గాని, ఆ ముఠాలో తన పోగు తక్కువైందని ఇంతవరకు ఎవరూ అలగలేదు.

పంచకుండానే పదిమందికీ వచ్చింది ఒకటుంది. తామర. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా బురదనీళ్లలో వంగి, తడిసిన చీర కుచ్చిళ్లు నడుముకు అంటుకునే ఉంటే రాక ఏమవుతుంది? గుండ్రంగా ఎర్రటి మచ్చలు, అంచుల్లో పొక్కులు, చెప్పుకోలేని చోట్ల దురద. మందుల దుకాణంలో అడిగితే ఒక తెల్ల ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో దురద ఎగిరిపోయేది. మానేస్తే ముందుకన్నా రెండింతలు పాకేది. ఆ ఒక్క ట్యూబే పదిమంది నడుములూ తిరిగింది. రెండేళ్లయ్యేసరికి నాగక్క నడుం చర్మం ఉల్లిపొరలా పలచబడింది. దురద ఆగక గింజలు వలిచిన మొక్కజొన్న బెండుతో గోక్కునేది.

చివరికి భద్రాచలం బస్సెక్కి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు దీపిక చిన్నపిల్లలా ఉంది గాని, ప్రశ్నలు మాత్రం పోలీసులా వేసింది. ఇంతకుముందు ఏం రాశారు, ఏం మింగుతున్నారు, గుండె జబ్బు ఉందా, ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని అడిగింది. కాలేయం ఎలా ఉందో చూడాలని రక్తం తీయించింది. అది బాగానే ఉందని తేలాక నెలకు సరిపడా గోలీలు రాసిచ్చింది.

"రోజుకొకటే వేసుకోవాలమ్మా. కడుపునిండా అన్నం తిన్న వెంటనే. గ్యాస్ గోలీతో కలిపి వద్దు. వారానికే దురద తగ్గుతుంది, తగ్గిందని ఆపొద్దు. మూత్రం పచ్చగా వచ్చినా, అన్నం సయించకపోయినా వెంటనే రండి. ఆ తెల్ల ట్యూబు ఇంక ముట్టుకోవద్దు. ఈ గోలీలు మీకే, ఇంకెవరికీ ఇవ్వొద్దు."

నాగక్క అన్నిటికీ తల ఊపింది. మాట తప్పాలని కూడా అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పుకున్నప్పుడు నాగక్క గోలీల సంచి తీసింది. తొమ్మిది మంది నములుడు ఆపి ఆ సంచి వైపే చూశారు. అందులో నలుగురు ఎడమచేత్తో నడుం గోక్కుంటూనే చూశారు. నాగక్క చెయ్యి ఆగిపోయింది. పదిమంది ముందర ఒక్కతే మింగడం ఆమె ఎన్నడూ ఎరగదు. మోదుగాకులు తెంపి పరిచింది. ముప్పై గోలీలు, పది పోగులు, మనిషికి మూడు.

"బువ్వ దండిగ తిన్నంకనే ఏసుకోవాలె. దినానికి ఒకటే. ఇన్నరా?" అని డాక్టరమ్మలాగే వేలు చూపించింది కూడా. ఆ పూట ఆమెకు ఎంత తృప్తిగా ఉందో!

రెండు రోజులు పోయాక ఆశా కార్యకర్త కళావతి గూడేనికి వచ్చింది. గూడెంలో ఎవరు మందులు వాడుతున్నా ఓ కన్నేసి ఉంచడం ఆమె పని. నాగక్క ఖాళీ అట్టలు చూపించింది.

"గోలీలేవక్కా?"

"పంచిన. అందరికీ గదే రోగమాయె."

కళావతి నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. "ఎంత పని చేసినవక్కా. మూడు గోలీలతోని ఎవరికీ తగ్గదు, రోగం ఇంక మొండిదైతది. గదొక్కటే కాదు, కామెర్లు అయినోళ్లకు రక్తం చూడకుంట ఇయ్యొద్దు. కడుపుతోని ఉన్నోళ్లయితే అసలే మింగొద్దు. లోపలున్న బిడ్డకు మంచిది కాదు."

నాగక్క దిగ్గున లేచింది. ముఠాలో ప్రమీలకు మూడో నెల. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు, నాగక్కకు తప్ప ఇంకెవరికీ తెలియదు, కళావతికి కూడా. రెండుసార్లు కడుపు నిలవలేదని, ఈసారి నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దని ప్రమీల ఆమె చేతులు పట్టుకుని అడిగింది. వంగే పని తప్పించి నారు కట్టలు విప్పే పని ఇచ్చింది నాగక్కే. ఆ చేత్తోనే మూడు గోలీలు కూడా ఇచ్చింది.

ప్రమీల పుట్టింటికి పోయి ఉంది, వాగు అవతల. ఫోను చేస్తే అక్కడ సిగ్నల్ లేదు. నాగక్క చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది. వాగు మోకాళ్ల దాకా పారుతోంది. నీళ్లలో అడుగు వేస్తున్నంతసేపు తన చేతిని తానే తిట్టుకుంది. రెండు రోజులంటే రెండు గోలీలు. ఈ పాటికి మూడోది కూడా పోయి ఉంటుంది. ఆ పిల్లకు ఈ బిడ్డ కూడా దక్కకపోతే తను ఏ మొహం పెట్టుకుని బతకాలి? ఆమెకు ఏడుపు రాలేదు. నడక మాత్రం ఆపలేదు.

ప్రమీల పందిరి కింద కూర్చుని చింతచిగురు బాగుచేస్తోంది. మొహం పీక్కుపోయి ఉంది.

"గోలీలు మింగినవా?" అంది నాగక్క, వాకిట్లోనే నిలబడి.

ప్రమీల తప్పు చేసినదానిలా తల దించుకుంది. "లేదక్కా. కోపం చెయ్యకు. బువ్వ దండిగ తిన్నంకనే ఏసుకొమ్మన్నవ్ కద. మూడొద్దుల సంది గంజి తప్ప ఏం నిలుస్తలేదు. అన్నం తినగలిగిననాడు ఏసుకుందామని ఆగిన." చీర కొంగు ముడి విప్పి చూపించింది. మూడూ అలాగే ఉన్నాయి.

అప్పుడు ఏడ్చింది నాగక్క, చతికిలపడి, చిన్నపిల్లలా. ఎవరో పోయారనుకుని ప్రమీల తల్లి లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

తిరిగొచ్చి మిగతా ఇళ్లు తిరిగింది. కొందరు రోజుకొకటి చొప్పున వేసుకున్నారు. పక్క తండా నుంచి పనికి వచ్చే మంగ్లి మాత్రం మూడూ ఒక్కసారే మింగేసింది. "ఒకటికి కొంచెం పోతే మూడిటికి జల్దీ పోతది కదక్కా," అంది అమాయకంగా. తిట్టడానికి నాగక్కకు ఓపిక లేదు. తిట్టే హక్కు కూడా లేదనుకుంది. ఇంకెవరూ ఒక్క గోలీ కూడా వేసుకోవద్దని చెప్పి, మిగిలినవి మూట కట్టింది.

మర్నాడు నాట్లు బంద్ పెట్టి పదిమందీ భద్రాచలం బస్సెక్కారు. డాక్టరు ముందు నాగక్క మూట విప్పింది. "నువ్వు ఒద్దన్నవ్. నేనే పంచిన. తప్పు నాది, ఈళ్లను ఏమనకు," అంది.

డాక్టరు దీపిక మూటలోని గోలీలు లెక్కపెట్టింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "చెప్పారు చూడండి, అది మంచిపని. దాచేవాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరినీ లోపలికి పంపండి."

పది చీటీలు పది రకాలుగా వచ్చాయి. మంగ్లికి ముందు రక్తపరీక్ష, అది తేలేదాకా పూతమందు. రక్తం చూశాక ఇద్దరికి గోలీలు. పైన రాసుకునే మందుతో సరిపోతుందని నలుగురికి. ఎప్పుడో కామెర్లు వచ్చిన ఒకావిడకు కూడా పూతమందే. ప్రమీలకు బిడ్డకు ఇబ్బంది లేని పూతమందు ఇచ్చి, కాన్పుల డాక్టరుకు కూడా చూపించారు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని ఆవిడ చెప్పింది. ఇక ప్రమీల కడుపు సంగతి ముఠాకంతా తెలిసిపోయింది. నాగక్కకు నెల కోర్సు మళ్లీ మొదటి నుంచి.

తిరుగు బస్సులో వెనక సీట్లన్నీ వాళ్లవే. మంగ్లి తన సంచి తెరిచి చూసుకుంది, పక్కావిడ సంచిలోకి తొంగిచూసింది. "నాకు రెండు ట్యూబులిచ్చిండ్రు, ఈమెకు ఒకటే. పోగులు పెట్టక్కా," అని తన సంచి నాగక్క ఒళ్లో పెట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది! ఒకరి వెనక ఒకరు అందరూ తమ సంచులు తెచ్చి ఆ ఒళ్లోనే పెట్టారు.

నాగక్కకు చదువు రాదు. పదో తరగతి దాకా చదివిన ప్రమీలను పక్కకు పిలిచింది. "ఏ సంచి మీద ఎవల పేరుందో సదువు."

ప్రమీల ఒక్కో పేరు చదువుతుంటే నాగక్క ఒక్కో సంచీ ఎత్తి ఆ మనిషి చేతిలోనే పెట్టింది. ఎవరికి ఎక్కువుందో, ఎవరికి తక్కువుందో చూడలేదు. ఆఖరున ఒళ్లో ఒకటే మిగిలింది. ప్రమీల పేరు చదవబోతే అక్కర్లేదని చెయ్యి ఊపింది.

"ఇది నాది," అంది నాగక్క. "నేనొక్కదాన్నే మింగుత."

పదిహేనేళ్లలో ఆమె నోట ఆ మాట ఎవరూ వినలేదు. ముఠాలో ఎవరి సంచి వాళ్లు ఒళ్లో భద్రంగా పెట్టుకున్నారు.