నాన్న పొయ్యి, నా పొయ్యి

మొన్న గుడివాడ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, వాళ్ల మనవరాలికి షెఫ్ కోర్సులో సీటొచ్చిందనీ, వీధంతా స్వీట్లు పంచామనీ మురిసిపోతూ చెప్పాడు. పిల్ల తెల్ల టోపీ పెట్టుకుని దిగిన ఫొటో కూడా పంపాడు. బందరులో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ ఫొటో చూస్తూ ఎంతసేపు ఉండిపోయానో, లోపల పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చేదాకా తెలియలేదు. జీవితమంతా హోటళ్ల వంటశాలల్లో గడిపిన మనిషి పాలు పొంగబెట్టిందంటే మీరు నవ్వుకుంటారు. నవ్వుకోండి.

మా రోజుల్లో ఆడపిల్ల వంట చదువుతానంటే ఇంట్లో శోకాలే. ఇంటరు పాసై, హోటలు వంట నేర్పే కాలేజీలో చేరతానని నేనన్నప్పుడు మా అమ్మ అలిగి అన్నం మానేసింది. మేనత్త అయితే "చదివి చదివి వంటలక్క అవుతుందంట! దీన్నెవరు చేసుకుంటారు?" అని పెడనలో మా వీధంతా వినేలా దండకం చదివింది. ఇక మిగిలింది నాన్న మాట. ఆయన కూడా కాదంటే నా చదువు అక్కడితో సరి.

నాన్న కలంకారీ గుడ్డలకు రంగు కాచేవాడు. దొడ్లో పెద్ద రాగి గంగాళం కింద కట్టెలు ఎగదోస్తూ, అచ్చు వేసిన గుడ్డల్ని రంగునీళ్లలో కర్రతో కలియదిప్పుతూ పొద్దంతా ఆ ఆవిరిలోనే ఉండేవాడు. మంట కాస్త ఎక్కువైనా గుడ్డ ఒకచోట ముదురుగా, ఇంకోచోట వెలిసినట్టుగా తేలుతుంది కాబట్టి, ఆవిరి వాసన మారగానే పక్కనున్న నాతో "చాలమ్మా, మంట తీసెయ్" అనేవాడు. నేను కట్టెలు వెనక్కి లాగేదాన్ని. పెద్ద పొయ్యి ముందు బెదరకుండా, తొందరపడకుండా నిలబడటం నాకు ఆ దొడ్లోనే అబ్బింది.

ఆ సాయంత్రం నాన్న చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుని, మేనత్త వైపు చూసి, "నేను చేసేదేంటే? నేనూ పొయ్యి ముందేగా నిలబడేది. దాన్ని వెళ్లనియ్యండి" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నా బతుకంతా నడిచింది. తలుచుకున్నప్పుడల్లా ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బెజవాడలో ఒక పెద్ద హోటల్లో కుదిరిన కొన్నేళ్లకు, మొదటిసారి ఒక పెళ్లి భోజనాల బాధ్యత నా మీద పెట్టిన రోజున నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. వంటశాల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎంత రమ్మన్నా లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. నేను రొయ్యల ఇగురు కలుపుతున్నాను. ఆయన ఆ ఆవిరి వాసన పీల్చి, పాత అలవాటుకొద్దీ, "చాలమ్మా, మంట తీసెయ్" అన్నాడు. ఇగురు దగ్గరపడటానికి ఇంకా కాసేపు పడుతుందని నాకు తెలుసు. అయినా తీసేశాను. నా పొయ్యిని నాన్న తన పొయ్యితో సమానం చేశాడన్న సంతోషం మరి. ఆయన భోజనానికి వెళ్లగానే మళ్లీ వెలిగించాననుకోండి!

నాన్న పోయి చాలా కాలమైంది. మా తమ్ముడి మనవరాలు నేర్చుకోబోయే వంటశాలల్లో మీట తిప్పితే మంట తగ్గుతుంది, వేళ కాగానే గంట మోగుతుంది. మంచిదే. ఆ పిల్లని ఎవరూ వంటలక్క అని దెప్పరు, అది ఇంకా మంచిది. కానీ నా వెనక గుమ్మంలో నిలబడి నాన్న ఒక్కసారి "చాలమ్మా, మంట తీసెయ్" అంటే బాగుండుననిపిస్తుంది. కూర ఉడకనీ, ఉడక్కపోనీ, ఈసారి మళ్లీ వెలిగించను.