మా గుమ్మం దాటిపోయిన కుంకుమ భరిణె

మా తోడికోడలు కుంకుమ భరిణె పట్టుకుని మా వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది, మా ఇల్లొక్కటి తప్ప. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. పట్టుచీర మీద నల్ల కోటు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, చేతిలో మా అత్తగారిచ్చిన వెండి భరిణె. పక్కన ఫోన్ చూసుకుంటూ నడుస్తున్న ఒక తెల్లావిడ. ఎదురింటావిడకి బొట్టు పెట్టారు. పక్కింట్లో కడపవాళ్ళావిడకి పెట్టారు. నేను చేతులు తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మా డ్రైవ్‌వే ముందుకి వచ్చాక తెల్లావిడ ఫోన్ చూసి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ముందుకి వెళ్ళిపోయారు.

వీధిలో అందరికీ బొట్టు పెట్టి ఒక్క ఇల్లు వదిలేస్తే ఆ ఇంటితో మాటలు లేవని అర్థం. అందులోనూ నేను పరాయిదాన్ని కాదు. ఒకే ఇంట్లో మెట్టినవాళ్ళం. ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ పిలుస్తున్నది నోముకో పేరంటానికో కాదు, ఓటుకి. మా రీజియన్ కౌన్సిల్‌కి, అంటే మన జిల్లా పరిషత్ లాంటిదానికి, పోటీ చేస్తోంది. గెలిచిన కౌన్సిలర్లలో కొందరు పోలీస్ బోర్డులో కూర్చుంటారు. మన దగ్గర పోలీసులంటే పైవాళ్ళ మాట వినేవాళ్ళు. ఇక్కడ మనం ఓటేసి పంపిన మనుషులు వాళ్ళ చీఫ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు, రూల్సు పెడతారు. ఇదంతా అక్కకి చెప్పింది నేనే. తోడికోడల్ని నేను అక్క అనే పిలుస్తాను. అసలు కడుపుమంట అక్కడ మొదలైంది.

మేముండేది కెనడాలో, కిచెనర్‌కి గంట దూరంలో ఉన్న ఊరు. బావగారూ మావారూ ఇద్దరూ అమెరికా మీదుగా వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. మేం వచ్చిన కొత్తలో షాపులో ఎక్కడైనా తెలుగు వినపడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. తర్వాత ఏళ్ళలో కాలేజీలకి స్టూడెంట్లు రావడం మొదలయ్యాక ఇక తిరిగి చూడ్డం మానేశాం. బస్సులో వాళ్ళే, కాఫీ షాపు కౌంటర్ వెనకా వాళ్ళే. ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ అద్దెకి దిగారు. మా బేస్‌మెంట్‌లో ముగ్గురు అమ్మాయిలు ఉండేవారు. వాళ్ళలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి నాకు బాగా దగ్గరైంది. నేను చేసే పప్పుచారంటే ప్రాణం పెట్టేది.

ఒక చలికాలం సాయంత్రం ఆ అమ్మాయి రొప్పుతూ వచ్చి మా తలుపు కొట్టింది. బస్ స్టాప్ నుంచి ఎవడో వెంటపడ్డాడట. అంతకుముందు వారం కూడా వాడేనట. నేను ఫోన్ తీశాను.

"పోలీసులకి చేస్తానుండు."

"వద్దాంటీ, ప్లీజ్," అని నా చెయ్యి పట్టేసుకుంది. "మొన్న పక్కింటోళ్ళు సౌండ్ ఎక్కువైందని కంప్లైంట్ ఇచ్చిన్రు కదా. అప్పుడొచ్చిన ఆఫీసర్ స్టడీ పర్మిట్ ఉందా అని అడిగిండు. మంచిగనే అడిగిండు, కానీ నాకు భయమైంది. ఇప్పుడు నేనే పిలిస్తే మళ్ళ అదే అడుగుతరు. స్టూడెంట్లకిచ్చిన గంటలకన్నా నేను షిఫ్టులు ఎక్కువ చేసిన ఆంటీ. నన్ను పంపించేస్తే ఎట్లా?"

వాడు వెంటపడుతున్నది ఈ పిల్లని. భయపడి దాక్కోవాల్సింది కూడా ఈ పిల్లే.

అలా నేను పోలీస్ బోర్డు మీటింగులకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఊళ్ళో ఉన్నవాళ్ళెవరైనా ముందుగా చెప్పి వెళ్ళి మైకు ముందు ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. టైమైతే ఎర్రలైటు వెలుగుతుంది. సాయం కోసం ఫోన్ చేసినవాళ్ళని పర్మిట్ గురించి అడగకూడదని రూల్ పెట్టండి, నేను అడిగింది అంతే. శ్రద్ధగా విన్నారు. థాంక్స్ చెప్పారు. నోట్ చేసుకున్నామన్నారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ నోట్ చేసుకున్నారు.

ఈ గోడంతా అక్క వాళ్ళింట్లో జంతికలు వేయిస్తూ వెళ్ళబోసుకున్నాను. ఆవిడ గిద్దలు తిప్పడం ఆపి, "అయితే ఆ టేబుల్ చుట్టూ కూర్చునే వాళ్ళని ఎవరు పెడతారే?" అంది.

"కొందరు మనం ఎన్నుకున్న కౌన్సిలర్లే అక్కా," అని, ఒక్క క్షణం ఆగి, "అంటే మీరు ఎన్నుకున్నవాళ్ళు," అన్నాను.

ఎందుకంటే వాళ్ళు సిటిజన్లు, మేం కాదు. కావడానికి అర్హత వచ్చి చాలాకాలమైనా మావారు కదల్లేదు. కెనడా పాస్‌పోర్టు తీసుకుంటే ఇండియాది వదిలెయ్యాలి, అది వదిలేస్తే మన దగ్గర వ్యవసాయ భూమి కొనడానికి ఉండదు. ఆయనకి ఎప్పటికైనా పొలం కొనాలని ఉంది. ఇంతవరకు కొన్నది లేదు. పెరట్లో నేను వేసిన టమాటా మొక్కకి నీళ్ళు పొయ్యమంటే పక్కన మొలిచిన గడ్డికి పోసి వచ్చే మనిషి. ఆ లేని పొలం కోసం నాకు ఓటు లేదు.

ఆ జంతికలు డబ్బాలో ఇంకా అయిపోకముందే అక్క నామినేషన్ వేసిందని తెలిసింది. నాకు ముందు చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో ఫోటో చూసి తెలుసుకున్నాను. కింద అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, పెట్టకపోతే బాగుండదని.

నిజం చెప్పాలంటే అక్కకి అన్నీ నాకంటే ముందే అమరుతాయి. పెళ్ళి ముందు, ఇల్లు ముందు, పౌరసత్వం ముందు. అత్తగారి వెండి భరిణె కూడా పెద్దకోడలని ఆవిడకే వెళ్ళింది. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, పదిమందిలో నవ్వుతూ నిలబడగలదు. ఇవన్నీ చూస్తూ ఊరుకున్నాను. కానీ బోర్డు గది మెట్లెక్కింది నేను. ఆ చలిలో బస్సు మారి వెళ్ళింది నేను. నా బాధని కూడా ఆవిడే మూటకట్టుకుపోతే నాకింక ఏం మిగిలింది?

మొదటి ప్రచారసభకి హాలు కిటకిటలాడింది. అంతా స్టూడెంట్లే. ఈలలు, చప్పట్లు. బావగారు ముఖం చాటంత చేసుకుని తిరుగుతున్నారు. బిర్యానీ పొట్లాలు పంచుతూ నేను ఆయనకి మెల్లగా చెప్పాను.

"బావగారూ, ఈ హాల్లో ఉన్న పిల్లల్లో ఒక్కరికీ ఓటు లేదండీ. సిటిజన్లకే ఉంటుంది ఇక్కడ."

"అదేంటమ్మా, ఊళ్ళో ఉంటున్నారు కదా."

"ఉంటున్నాను కదా నేను కూడా."

ఆయన తెల్లబోయారు. ఎన్నికలంటే ఆయనకి తెలిసింది జనాన్ని నింపడమే. ఆ రోజు సాయంత్రం మావారితో, "మీ ఆవిడకి కొంచెం ఏడుపుగా ఉన్నట్టుందిరా," అన్నారట. ఏడుపు కాక మరేమిటి? ఏడుపే. కానీ చెప్పింది నిజం. మర్నాటి నుంచి వాళ్ళు సభలు మానేసి, ఓటున్న ఇళ్ళు మాత్రమే చూపించే యాప్ పెట్టుకున్నారు. బొట్టు పెట్టి ఓటు అడగాలన్న ఆలోచన అక్కదే, మంచి ఆలోచనే. ఆ యాప్ చూసే మా ఇల్లు దాటిపోయారు. అంటే నా ఇంటిని వదిలెయ్యడానికి దారి చూపించింది కూడా నేనేనన్నమాట.

అలా మా ఇల్లు దాటిపోయిన రోజు మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. అక్క సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"అక్కా, మా ఇంటికి రాలేదేం?"

"ఏంటే, ఎప్పుడు?" అని కాసేపు ఆలోచించింది. "ఓ, పొద్దున్నా? నీకు ఓటు లేదు కదే. యాప్‌లో మీ ఇల్లు రాలేదు. ఇంకా మూడు వీధులు కవర్ చెయ్యాలి, టైము లేదమ్మా."

ఆవిడ మాటలో కుళ్ళు లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. కాఫీ పెట్టమంది, పెట్టాను, తాగి కప్పు ఇచ్చింది, కడిగి వచ్చాను.

అక్క గెలిచింది. కొత్త కౌన్సిల్ ఆవిడని పోలీస్ బోర్డుకి పంపింది. నేను మూడోసారి మైకు ముందు మాట్లాడతానని చెప్పి వెళ్ళేసరికి ఆవిడ ఆ టేబుల్ వెనక, నీళ్ళగ్లాసు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మా ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా. బోర్డు ఛైర్‌పర్సన్ ఆ పేరుతో పిలిస్తే ఇద్దరం ఒకేసారి తలెత్తాం. గదిలో నవ్వులు. నాకు నవ్వు రాలేదు.

మాట్లాడటం మొదలుపెట్టాను. అక్కని చూడకూడదనుకుని చూశాను, తడబడ్డాను. అసలు సంగతికి రాకముందే ఎర్రలైటు వెలిగింది. ఛైర్‌పర్సన్ థాంక్స్ చెప్పేశారు. కాగితాలు సర్దుకుంటుంటే అక్క మైకు నొక్కింది.

"ఒక ప్రశ్న," అంది ఇంగ్లీషులో, ఎవరో తెలియని మనిషిని అడిగినట్టు. "ఆ విద్యార్థిని మిమ్మల్ని పోలీసులకి ఎందుకు ఫోన్ చెయ్యనివ్వలేదో బోర్డుకి చెప్పగలరా?"

సభ్యులు ప్రశ్న అడిగితే జవాబుకి ఎర్రలైటు లేదు. ఆవిడకి ఆ జవాబు తెలుసు, జంతికలు వేయిస్తూ నా నోటితోనే విన్నది. నేను చెప్పాను. బస్ స్టాప్, వెంటపడినవాడు, నా చెయ్యి పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి, అన్నీ చెప్పాను. ఈసారి తడబడలేదు. కృతజ్ఞత రావాల్సిన చోట నాకు రోషం వచ్చింది. చివరికి నేను మాట్లాడే ఆ కాస్తసేపు కూడా ఆవిడ దయే.

ఓటింగ్ పెట్టారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఆఖరున అక్క చెయ్యెత్తింది, గాజులు గలగలమన్నాయి. రూల్ పాసైంది. ఇన్నాళ్ళూ నేను నోరు ఎండేలా అడిగిన పని అరక్షణంలో అయిపోయింది. నాకు నోరు ఉంది కానీ ఎత్తడానికి చెయ్యి లేదు.

ఆ తర్వాతి చలికాలంలో ఆ వెంటపడేవాడు మళ్ళీ కనిపించాడు. ఈసారి అమ్మాయి తనే ఫోన్ చేసింది. ఆఫీసర్ వచ్చాడు, పర్మిట్ మాట ఎత్తలేదు, చెప్పింది రాసుకున్నాడు, వాణ్ణి పట్టుకున్నారు. ఆ పిల్ల మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని పైకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆంటీ, మీ అక్కగారికి చెప్పండి. ఆమె వల్లనే అయింది ఇదంతా."

"చెప్తానమ్మా," అన్నాను. మైసూర్‌పాక్ బాగుంది. నాకు సయించలేదు.

ఆ పూటే మావారి ముందు కూర్చున్నాను.

"ఏమండీ, మీ పొలం కోసం మీ పాస్‌పోర్టు మీరు ఉంచుకోండి. నాది నేను ఇచ్చేస్తున్నాను."

"వదిన మీద పంతమా?" అన్నారు.

"అవును."

మర్నాడే కెనడా పౌరసత్వానికి అప్లై చేశాను.

ఏడాది దాటాక పిలుపొచ్చింది. ప్రమాణానికి పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. నేను పిలవకపోయినా అక్క వచ్చి వెనక వరసలో కూర్చుంది. కుడిచెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాను. నా గాజులు కూడా గలగలమన్నాయి. ఏ దేశం వదిలేస్తున్నానో, ఏ దేశానికి మాట ఇస్తున్నానో అందరూ అనుకునేవేవీ నాకు అప్పుడు తోచలేదు. బోర్డు గదిలో లేచిన ఆవిడ చెయ్యే కళ్ళముందు ఉంది.

మర్నాడు పొద్దున డోర్‌బెల్ మోగింది. గుమ్మంలో అక్క, పట్టుచీర, చేతిలో భరిణె. ఈసారి పక్కన తెల్లావిడ లేదు.

"ఇంతకాలానికి యాప్‌లోకి వచ్చావు," అని నవ్వి నా నుదుటన బొట్టు పెట్టింది. "వచ్చే ఎలక్షన్‌కి నీ ఓటు నాకే వెయ్యాలి. ముందే అడుగుతున్నా, మళ్ళీ రాలేదనకు."

ఇన్నాళ్ళూ నేను తలుపు వెనక నిలబడి ఎదురుచూసిన బొట్టు అది. కళ్ళు చెమ్మగిల్లిన మాట నిజం. భరిణె ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. బొట్టు పెట్టినవాళ్ళకి తిరిగి పెట్టడం మర్యాదే కదా, ఆవిడ నుదురు ముందుకి వంచింది. నేను వేలికి కుంకుమ అద్దుకుని, తిన్నగా, గుండ్రంగా పెట్టాను.

"అక్కా," అన్నాను, "వచ్చే ఎలక్షన్‌కి నీ ఓటు నాకు వెయ్యాలి."

ఆవిడ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. భరిణె ఇంకా నా చేతిలోనే ఉంది.