బెణికిన కాలు, మూసుకున్న కనుమ

సైన్యంలో ఆ కొండమీది సరిహద్దు పోస్టుకు నేను చేరింది ఆగస్టు రెండో వారంలో, మధ్యాహ్నం మూడు దాటాక. ఎత్తు పద్నాలుగు వేల అడుగుల పైమాట. వీపు మీద ఇరవై కిలోల సామాను, చేతిలో రైఫిలు. రాళ్లు పేర్చి రేకులు కప్పిన రెండు బంకర్లు, వాటి వెనక కిరోసిన్ డబ్బాలు. చెట్టన్నది లేదు. ఎటు చూసినా రాళ్లే, అవీ అడుగేస్తే కదిలే రాళ్లు.

పోస్టు కమాండరు సుబేదార్ సాబ్ యాభైకి దగ్గరపడిన గఢ్వాలీ మనిషి. మా ముఖాలు చూడలేదు, కాళ్లు చూశాడు.

"ఈ పోస్టులో తూటా తగిలి దిగినవాళ్లకంటే కాలు మడతపడి దిగినవాళ్లే ఎక్కువ. జాగ్రత్త" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మాది నరసాపురం దగ్గర పల్లె. వరిచేల గట్ల మీద పెరిగినవాణ్ణి. జానెడు గట్టు, వానకు నానిన గట్టు, నెత్తిన గడ్డిమోపు ఉన్నా ఏనాడూ కాలు బెణకలేదు. జారితే బురదలో పడేవాళ్లం. బురద కాలిని మెత్తగా పట్టుకుని మెత్తగానే వదిలేస్తుంది. రాయికి ఆ దయ లేదని నాకప్పటికి తెలియదు.

పైగా బూట్లు. మావైపు గట్టు ఎక్కేముందు చెప్పులు విప్పి చేత పట్టుకుంటాం. వేళ్లతో నేలను తడుముకుంటూ నడవడం మాకు అలవాటు. పోస్టులో ఇచ్చిన బూటు చీలమండ పైదాకా వచ్చేది. పై రెండు కొక్కేలకు లేసు బిగిస్తే ఊపిరాడనట్టు ఉండేది. అందుకని వదిలేసేవాణ్ణి. వైర్‌లెస్ సెట్టు చూసే బీహారీ కుర్రాడు రోజూ అరిచేవాడు.

"ఒరే ఆంధ్రా, లేసు కట్టు!"

"కట్టానురా."

"సగం కట్టావు!"

సెప్టెంబరులో ఒకరోజు పొద్దున నాలుగింటికి గస్తీకి వెళ్లి, మధ్యాహ్నం రెండు గంటల వేళ తిరిగొస్తున్నాం. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు, దిగేటప్పుడే అయింది. కింద బంకరు కనిపిస్తోంది, వంటవాడు టీ పెట్టిన పొగ కనిపిస్తోంది. కాళ్లు అలిసిపోయాయి. మనసు అప్పటికే టీ దగ్గరికి వెళ్లిపోయింది. ఎడమ పాదం కింద రాతిపలక కదిలి, పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు టప్పుమన్న చప్పుడు నాకు వినబడింది.

ఇక్కడ మా ఆవిడ సంగతి చెప్పాలి. మంగ ఎదురుకాళ్లతో పుట్టింది. తల కాకుండా కాళ్లు ముందొచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్లు మూడుసార్లు తొక్కితే బెణుకైనా, నడుం పట్టైనా పోతుందని మావైపు గట్టి నమ్మకం. మొగల్తూరులో ఆమె పుట్టింటి అరుగు మీద ఆదివారం పొద్దున్నే జనం కూర్చునేవారు. పెళ్లయ్యాక మా ఇంటికీ రావడం మొదలుపెట్టారు. అందుకే బంకర్లో పడుకోబెట్టగానే నేను మొదట అడిగింది మందు కాదు.

"మీలో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వైర్‌లెస్ వాడు చెయ్యెత్తాడు. "నేనే. మా ఊళ్లోనూ ఉంది ఈ మాట."

ఆవనూనె కాచి బాగా రుద్దాడు. దేవుణ్ణి తలుచుకుని మూడుసార్లు తొక్కాడు. నాకు చుక్కలు కనిపించాయి. తెల్లారేసరికి పాదం తాటిపండంత అయింది, రంగు కూడా అదే.

పక్క పోస్టుకు వెళ్లిన నర్సింగ్ అసిస్టెంటు పొద్దున తిరిగొచ్చాడు. మలయాళీ. మేమంతా డాక్టర్ సాబ్ అనేవాళ్లం.

"ఎవడు తొక్కాడు దీన్ని?"

"ఎదురుకాళ్లతో పుట్టినవాడు, సాబ్."

"నేను తిన్నగానే పుట్టాను. అయినా మీ ఇద్దర్నీ తంతాను."

తన్నలేదు. చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, కట్టు కట్టి, కాలిని సామాను సంచీ మీదికి ఎత్తి పెట్టాడు. ఎముకల్ని పట్టి ఉంచే తాళ్లలాంటివి సాగి కొంత తెగాయని, తెగిన చోట వెంటనే వేడిపెట్టి రుద్దితే వాపు ఇంకా పెరుగుతుందని చెప్పాడు. తర్వాత అన్న మాట ఇంకా ముఖ్యం.

"వాపు పోతే నయమైందనుకుంటారు అందరూ. తానెక్కడ ఆనుతోందో కాలికే తెలుస్తుంది చూడు, ఆ తెలివి కూడా దెబ్బతింటుంది. దాన్ని మళ్లీ నేర్పకపోతే ఇదే కాలు ఇదే చోట మళ్లీ మడతపడుతుంది."

నొప్పి కాస్త తగ్గాక పాదం గాలిలో ఆడిస్తూ బొటనవేలితో అక్షరాలు రాయమన్నాడు. ఆయన చెప్పింది ఇంగ్లీషు అక్షరాలు. నేను అ ఆలు రాశాను. మన అక్షరాలు గుండ్రం కదా, చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. చివర మంగ అని రాసి ఆపేవాణ్ణి. ఆ పేరు రాసేటప్పుడు నొప్పి అంతగా తెలిసేది కాదు.

ఆమెకు అప్పుడు ఎనిమిదో నెల. పురిటికి పుట్టింట్లో ఉంది. ఆదివారాలు ఫోనుకు నా వంతు.

"ఏవండీ, కాలెలా ఉందండీ?"

"పర్లేదు."

"పర్లేదంటే ఏంటండీ? నేనక్కడుంటే ఈపాటికి లేచి తిరిగేవారు. మిమ్మల్ని తొక్కడానికి ఇంకెవరో దొరికారంటగా?"

"వైర్‌లెస్ వాడు."

పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "అక్టోబరు ఆఖరుకి వచ్చేస్తారు కదండీ? కార్తీకం మొదట్లోనే అంటున్నారు డాక్టరమ్మ."

ఆమె వెనక రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు వినిపించేది. ఇంట్లో ఉన్నప్పుడు విసుక్కున్న చప్పుడే. అక్కడ మాత్రం దానికోసం చెవి కోసుకునేవాణ్ణి.

అక్టోబరు ఆఖరున దిగేదే ఆఖరి బ్యాచ్. ఆ తర్వాత మంచుతో కనుమదారి మూసుకుంటే మళ్లీ మేలోనే తెరుచుకునేది. బ్యాచ్‌లో నా పేరుంది. బయల్దేరడానికి ముందురోజు డాక్టర్ సాబ్ నన్ను నిలబెట్టాడు.

"కళ్లు మూసుకుని ఎడమ కాలి మీద నిలబడు."

ఐదు లెక్కపెట్టేలోపే తూలాను. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ తూలాను.

సుబేదార్ సాబ్ తలుపు తెరిచి బయటికి చూపించాడు. మంచు మొదలైంది. "ఇంట్లో పురుడని తెలుసు. వెళ్తానంటే ఆపను. కానీ దారిలో నువ్వు పడితే నిన్ను మోయడానికి నలుగురు కావాలి, ఆ మంచులో, ఆ రాళ్ల మీద. నువ్వే చెప్పు."

మంగ కళ్ల ముందు ఉంది. నన్ను మోసే ఆ నలుగురూ ఉన్నారు.

"ఉంటాను సాబ్" అన్నాను.

పిండి బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఫోన్లో మంగకు చెప్పాను. "సరేనండి. కాలు జాగ్రత్త" అంది. తిట్టినా బాగుండేది.

నా బదులు వైర్‌లెస్ వాడు దిగాడు. సెట్టు నాకప్పగించి, కింద బేస్ క్యాంపులో సెట్టు మీద కూర్చున్నాడు. నవంబరులో ఒక మధ్యాహ్నం పిలిచాడు.

"ఆంధ్రా, వింటున్నావా? ఓవర్."

"చెప్పు. ఓవర్."

"ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. తలే ముందొచ్చిందని మీ ఆవిడ ప్రత్యేకంగా చెప్పమంది. ఓవర్."

బంకర్లో అందరూ కేకలు పెట్టారు. వంటవాడు ఉన్న చక్కెరంతా పోసి హల్వా చేశాడు. నేను నవ్వుతూనే నా వాటా హల్వా పక్కవాడి పళ్లెంలో వేశాను.

చలికాలమంతా పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడ్డాను. మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగాను. లేసు పై కొక్కెందాకా బిగించాను. ఫిబ్రవరికి కళ్లు మూసుకుని కదలకుండా నిలబడగలిగాను. ఇప్పుడు మా కాలవగట్టు మీద సైన్యం కోసం పరుగెత్తే కుర్రాళ్లు నన్ను తూటాల గురించి అడుగుతారు. నేను లేసుల గురించి చెబుతాను, అలిసిపోయి ఇంటికి తిరిగొచ్చేటప్పుడే కాళ్ల మీద కన్నుండాలని చెబుతాను. ముసలాడి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆ చలికాలం గడిచి మేలో కనుమ తెరిచారు. ఆ దారంతా నా కాళ్లతో నేనే దిగాను, ఒక్కచోట కూడా తూలలేదు. రైళ్లు మారి నరసాపురంలో దిగి, ఆటోలో మొగల్తూరు చేరేసరికి పదకొండయింది. మంగ వాకిట్లోనే ఉంది, చంకలో పిల్ల.

"అదుగోనే, నాన్నగారు" అంది మంగ.

చేతులు చాచాను. ఆరు నెలల పిల్ల. నన్ను పైనుంచి కిందికి చూసి, తల్లి భుజంలోకి ముఖం దాచుకుంది. కాసేపటికి ఒక్క కన్ను మాత్రం బయటపెట్టి మళ్లీ చూసింది, దారి అడగడానికి వచ్చిన మనిషిని చూసినట్టు. ఇప్పుడు దానికి పదమూడేళ్లు, నా భుజానికి ఆనుకుని కబుర్లు చెబుతుంది. అయినా ఆ ఒక్క కన్ను నన్ను ఇంకా చూస్తూనే ఉంది.