మొద్దుబారిన చిటికెన వేలు

గోల్ఫ్ మైదానంలో మా పెదనాన్నను అందరూ మణికట్టు మాస్టారు అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన నేర్పుతున్న ఆటంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: బలం భుజంలో లేదు, మణికట్టులో ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ముందు కర్ర ఇవ్వడు. తడి తువ్వాలు ఇచ్చి దులపమంటాడు. దులిపేటప్పుడు ముందు మోచెయ్యి కిందికి వస్తుందని, ఆ తర్వాతే మణికట్టు విసురుతుందని వాళ్లంతట వాళ్లకు తెలిసేదాకా వదలడు. కర్ర పైకెత్తినప్పుడు ఎడమ మోచెయ్యి వంగకూడదు, కుడి మోచెయ్యి పక్కటెముకలకు దూరం జరగకూడదు. “మరి ఇంట్లో బట్టలు దులిపి ఆరెయ్యమంటే ఆ మణికట్టు ఎటు పోతుందో” అని పెద్దమ్మ దెప్పేది.

ఆయన పద్ధతిలో ఇంకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. కర్ర చివరను ఎడమ అరచేతి అడుగున, చిటికెన వేలి వైపున్న మెత్తటి కండలో గట్టిగా ఆనించాలి. కొన్ని వేల బంతులు కొట్టాక ఆ వేలికి స్పర్శ తగ్గుతుంది. అదే గుర్తు. “వేలు నోరు మూసుకుందంటే పట్టు కుదిరినట్టే” అనేవాడు. ఆయనకు అలాగే కుదిరిందట. గురువంటూ ఎవరూ లేరు. మైదానంలో బంతులు ఏరే రోజుల్లో చూసి నేర్చుకున్న విద్య అది.

అక్క, అంటే ఆయన కూతురు, జట్టు ఎంపిక పోటీకి సిద్ధమవుతోంది. రోజుకు ఐదు వందల బంతులు కొట్టేది. చిటికెన వేలు తిమ్మిరిగా ఉందని చెప్పిన రోజు పెదనాన్న సంబరంగా ఇంటిల్లిపాదికీ తనే టీ పెట్టాడు. తర్వాత ఉంగరం వేలు మొద్దుబారింది. ఒక ఉదయం అక్క నా గదిలోకి వచ్చి, చొక్కా గుండీలు చూపించి నిలబడింది. నేనే పెట్టాను.

“నాన్నకు చెప్పకే. పోటీకి పదకొండు రోజులేగా” అంది.

ఆ వారమే కర్ర ఆమె చేతిలో జారడం మొదలైంది. పెదనాన్న చెయ్యి చూడలేదు, కర్రను చూశాడు. పిడి రబ్బరు అరిగిందని మూడుసార్లు మార్చాడు, ప్రతిసారీ ఇంకాస్త లావుగా. నాలుగో రోజు కర్ర పూర్తిగా చేజారి, పక్కన ఆడుతున్న ముసలాయన చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. పెదనాన్న వంగి కర్ర తీసుకుని, మళ్లీ పిడినే నిమురుతున్నాడు. అప్పుడిక నేను గుండీల సంగతి చెప్పేశాను.

డాక్టరు అక్క బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చిన్న కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగాడు. అది వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది. అరచేతి అడుగున నరం నలిగిపోతోందని, ఇప్పుడే ఆపితే కోలుకోవచ్చని, ఆలస్యమైతే చేతి కండ కరిగిపోతుందని, పోయింది ఇక తిరిగి రాదని చెప్పాడు. పెదనాన్న పోటీ తేదీ చెప్పబోయి ఆగాడు. డాక్టరు ఆయన ఎడమ చేతినే చూస్తున్నాడు. అక్కడ బొటనవేలి పక్కన కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, అది ఆయన చెయ్యి తీరే అనుకున్నాం.

“మీకెన్నాళ్లుగా ఇలా ఉంది?”

“పట్టు కుదిరినప్పటినుంచీ” అన్నాడు పెదనాన్న.

ఆస్పత్రి మెట్ల మీద నిలబడి అక్క తనే ఫోన్ చేసి పోటీ నుంచి పేరు తీయించుకుంది. ఇంటికి చేరేదాకా ఆయన వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న శిష్యులందరినీ కర్రలు కింద పెట్టమని, ఒక్కొక్కరినీ ఎడమ చెయ్యి చాపమన్నాడు. మాస్టారు జాతకాలు కూడా మొదలుపెట్టారా అని ఎవరో నవ్వారు. రెండేళ్లుగా వస్తున్న పళ్ల డాక్టరమ్మ, తన వంతు రాకముందే, రోగుల నోట్లో అద్దం పట్టుకునే ఆ చేతిని సంతోషంగా ఆయన ముందుకు చాపింది.

“నాకూ పట్టు కుదిరింది మాస్టారూ. నిన్నటినుంచి ఉంగరం వేలికి కూడా స్పర్శ తెలియడం లేదు.”